వాతావరణ మార్పు – మన వ్యాపారం – మన బాధ్యత

(సంఘ వార్షిక మహాసభలో వర్తక ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఈ విషయం మీద మాట్లాడమని కార్యవర్గంవారు కోరినప్పుడు మేము మొదట కొంత సందేహించిన మాట నిజం. వాతావరణ మార్పు, స్వచ్ఛమైన విద్యుత్తు, కంపెనీల సామాజిక బాధ్యత – ఇవన్నీ పెద్ద కంపెనీల డైరెక్టర్లు చల్లని గదుల్లో కూర్చుని చర్చించుకునే సంగతులు గదా! కిరాణా కొట్లు, టైలరింగు షాపులు, మెకానిక్ షెడ్లు, పండ్ల బండ్లు నడుపుకునే మనకు వీటితో ఏం పని అనుకున్నాం. కాని 2024 సెప్టెంబరు 1వ తేదీ, ఆ ఆదివారం గుర్తుకు రాగానే మా సందేహం తీరిపోయింది.

ఆనాడు బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో నానినవి. అదే సమయాన ప్రకాశం బరాజ్ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. నీళ్ళు ఏ ఇల్లు ఎవరిదని అడగలేదు. కుట్టు మిషన్లు, ఫ్రిజ్‌లు, ఆటోలు, బియ్యం బస్తాలు అన్నీ మునిగినవి. మనకు తెలిసిన ఒక దుకాణదారు సోదరుడు సరుకు పోయినందుకు అంతగా బాధపడలేదు. ఖాతా పుస్తకాలు తడిసి ముద్దయిపోయినవి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియక ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ నెలలో మన ఖర్జె హసనా నిధికి వచ్చిన అర్జీలు నిధిలో ఉన్న సొమ్ముకు మించిపోయినవి. కొందరిని ఉత్త చేతులతో తిప్పి పంపవలసివచ్చింది. వారిలో ఎన్నో ఏళ్ళుగా మనకు చందా ఇచ్చినవారు కూడ ఉన్నారు. ఆ ముఖాలు మేము మరచిపోలేదు. ఇవాళ మా ప్రసంగమంతా ఆ ముఖాల గురించేననుకోండి.

ఆ ఒక్క వరదను చూపించి ఇది కేవలం వాతావరణ మార్పు వల్లనే వచ్చిందని మేము చెప్పబోము. వాగు దారిని మనుషులు ఇరుకు చేయటం కూడ అందులో ఉన్నది. అయితే శాస్త్రజ్ఞులు చెప్పే లెక్క ఒకటున్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. అందుచేత వాన కురిసినప్పుడు కుండపోతగా కురిసే ప్రమాదం పెరుగుతుంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా వచ్చే పొగే ఈ వేడికి ముఖ్య కారణం.

2015 సెప్టెంబరులో, అప్పటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు మార్క్ కార్నీగారు లండన్‌లో బీమా వ్యాపారుల ముందు మాట్లాడుతూ వాతావరణం వల్ల వ్యాపారానికి వచ్చే ప్రమాదాలను మూడుగా విడదీసి చెప్పారు. మొదటిది, తుఫానుకో వరదకో ఆస్తి పోవటం. రెండవది, నష్టపోయినవారు నష్టం చేసినవారిని పరిహారం అడగటం. మూడవది, లోకం కొత్త పద్ధతికి మారుతూ ఉంటే పాత పద్ధతిలో ఉన్నవారు వెనుకబడి పోవటం. మొదటిది సింగ్‌నగర్‌లో చూశాం. మిగిలిన రెండూ కూడ మనకు దూరంగా లేవు.

రెండవదానికి మన పొరుగునే, తమిళనాడులోని పాలారు ఒడ్డున ఉదాహరణ ఉన్నది. అక్కడి వాణియంబాడి, ఆంబూరు పట్టణాల్లో తోళ్ళ పరిశ్రమ ముస్లిం వర్తకుల కష్టంతో పెరిగింది. ఎన్నో కుటుంబాలు దానివల్ల పైకి వచ్చినవి. కాని తోళ్ళు ఊనిన మురికినీరు శుద్ధి చేయకుండానే ఏట్లోకీ, పొలాల్లోకీ పోయింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పాడైపోయిందని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1996 ఆగస్టు 28న కోర్టు తీర్పు చెప్పింది. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించవలెనన్నది. ఒక్కొక్క తోళ్ళ కర్మాగారానికి 10,000 రూపాయల జరిమానా వేసింది. శుద్ధి ఏర్పాటు లేనివి మూతపడవలసిందేనన్నది.

అది పొగ సంగతి కాదు, మురికినీటి సంగతి. అయినా పాఠం ఒక్కటే. ఏటా కొద్దికొద్దిగా పెట్టవలసిన ఖర్చు ఎగ్గొడితే, ఒక రోజున అది వడ్డీతో సహా తిరిగివస్తుంది. వడ్డీ వద్దనుకునే మనం ఈ వడ్డీని మాత్రం ఎందుకు పెంచుకోవాలి? నష్టపోయిన రైతుల్లో మనవారూ ఉంటారు, పరాయివారూ ఉంటారు. పొరుగువాడి హక్కు ఎంతటిదో మన దీన్ మనకు చెప్పే ఉన్నది.

మూడవ ప్రమాదం నెమ్మదిగా వస్తున్నది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి 1000 కంపెనీలు తమ కరెంటు, నీళ్ళు, పొగ, వ్యర్థాల లెక్కలు ఏటా ప్రకటించాలని సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్ వారు 2026 జనవరి నుంచి తమ దేశాలకు వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులకు కార్బన్ రుసుము లెక్కగడుతున్నారు. పెద్ద కంపెనీకి లెక్క అవసరమైనప్పుడు, దానికి బోల్టులు, పెట్టెలు సప్లయి చేసే చిన్నవాడిని కూడ అడుగుతుంది. “నీ షెడ్‌లో కరెంటు ఎంత కాలుతున్నది? జనరేటరుకు డీజిలు ఎంత?” అని అడిగిన నాడు మన దగ్గర జవాబు లేకపోతే, జవాబు ఉన్నవాడికి ఆర్డరు పోతుంది.

సరే, మరి మనం ఏం చేయాలి? మేము అనుకున్నవి నాలుగు మాటలు.

మొదటిది ఖర్చు లేనిది. పాత వరదలో నీరు ఎంతవరకు వచ్చిందో గోడ మీద గీత గీయండి. విలువైన సరుకు, మోటారు, కరెంటు బోర్డు ఆ గీతకు పైన ఉండాలి. ఖాతా పుస్తకాన్ని నెలకొకసారి సెల్‌ఫోనులో ఫోటో తీసి వేరే ఊళ్ళో ఉన్న బంధువుకు పంపండి. మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయకండి. ఇంజనులోకి నీరుపోయి పాడైతే మామూలు పాలసీలో పరిహారం దొరకటం కష్టం.

రెండవది బీమా. దీని విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలున్నవి. మీకు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. తీసుకోవాలనుకున్నవారికి 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉన్నది. 5 కోట్ల వరకు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు వరద, తుఫాను నష్టం కూడ అందులో వస్తుంది. అయితే ప్రీమియం తగ్గుతుందని సరుకు విలువ బాగా తక్కువ చేసి రాయించకండి. క్లెయిము కూడ ఆ మేరకే కోస్తారు.

మూడవది సోలారు. నీడ పడని 100 చదరపు అడుగుల డాబా మీద సుమారు ఒక కిలోవాటు పలకలు పడతాయి. ఎండ బాగున్న రోజున నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద ఇళ్ళకు మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అది ఇళ్ళకే, దుకాణాలకు కాదు. అయినా పగలంతా మిషన్లు నడిచే టైలరింగు యూనిట్లకు, వెల్డింగు షాపులకు సబ్సిడీ లేకున్నా లెక్క వేసి చూడటం మంచిది. ఒక మాట మాత్రం ముందే తెలుసుకోండి. బ్యాటరీ లేని మామూలు సోలారు, లైనులో కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. వరద రోజుల్లో ఆదుకుంటుందని భ్రమపడవద్దు.

పెట్టుబడి సంగతి వచ్చింది కనుక ఒక హెచ్చరిక. మలేషియాలో 2017లో సోలారు కేంద్రం కోసం హరిత సుకూక్ పత్రాలు జారీ అయినవి. ఇండోనేషియా ప్రభుత్వం 2018లో 125 కోట్ల డాలర్ల మేర అటువంటివే అమ్మింది. వడ్డీ లేకుండా స్వచ్ఛమైన విద్యుత్తుకు డబ్బు సమకూరుతుందని దానివల్ల రుజువైంది. మన దేశంలో ఆ సౌకర్యం లేదు. అందుచేత ‘హలాల్ సోలారు, నెలనెలా ఇంత గ్యారంటీ’ అని ఎవరైనా గుమ్మంలోకి వస్తే, గడ్డం చూసి, తస్బీహ్ చూసి నమ్మకండి. హలాల్ పేరు చెప్పి డిపాజిట్లు తీసుకుని ఎగ్గొట్టిన వ్యవహారాల్లో ఎందరు ఆడపిల్లల పెళ్ళి డబ్బు పోయిందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నాలుగవది, మన నిధి. ఖర్జె హసనా నిధిలో ఒక ప్రత్యేక ఖాతా తెరవాలని మేము కోరుతున్నాం. దుకాణం అరుగు ఎత్తు చేసుకోవటానికి, సోలారు పెట్టుకోవటానికి దాని నుంచి వడ్డీ లేని అప్పు ఇవ్వాలి. కరెంటు బిల్లులో మిగిలిన సొమ్ముతో నెలనెలా తీర్చుకుంటారు. కొంత భాగం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఆపద రోజుకు దాచాలి. ఆస్పత్రికి, చదువుకు ఇచ్చే డబ్బు పలకలకు పోతుందా అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్న. పాత నిధిలోంచి ఒక్క రూపాయి కూడ తీయకూడదు. జకాత్ సొమ్ము అసలే ముట్టకూడదు, దాని హక్కుదారులు వేరే ఉన్నారు. ఇది కొత్త చందాలతోనే జరగాలి.

యూసుఫ్ అలైహిస్సలాంగారి వృత్తాంతం మన పిల్లలకు కూడ తెలుసు. ఏడేళ్ళు పంట బాగా పండుతుంది, ఆ తర్వాత ఏడేళ్ళు కరువు వస్తుందని తెలిసినప్పుడు, ఆయన కరువు వచ్చాక ఏడవమనలేదు. పండిన రోజుల్లోనే ధాన్యాన్ని వెన్నులతో సహా దాచమన్నారు. ఈ భూమి, ఈ నీరు, ఈ వ్యాపారం మనకు అమానతు. అమానతుకు లెక్క చెప్పవలసిన రోజు ఒకటున్నది.

ఈ సంవత్సరం వ్యాపారం ఒక మోస్తరుగా బాగానే సాగిందని మీలో చాలామంది అన్నారు. అయితే దాచవలసిన సంవత్సరం ఇదే. ఈసారి బుడమేరు పొంగిన నాడు మన సంఘం గుమ్మం ఎక్కినవారిని ఎవరినీ ఉత్త చేతులతో పంపకుండా ఉండే శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

 చందా పుస్తకం బయట బల్ల మీద ఉన్నది. ఉపసంఘం సభ్యులమంతా మొదటి పేజీలో మా పేర్లు రాశాం.