కాంతొ, కంతో: స్పానిష్ భూతకాలంలో ఒక గుణసంధి



ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర నేను తెలుగు వ్యాకరణం చదువుకున్నాను. ఆయనకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. అయినా ఇవాళ స్పానిష్ క్రియల భూతకాలాన్నే ఎంచుకున్నాను. దానికి కారణం ఆయన నేర్పిన గుణసంధి.

స్పానిష్ క్రియలు మూడు తెగలు: ఆర్, ఏర్, ఈర్. కంతార్ అంటే పాడటం, కొమేర్ తినటం, బిబీర్ బతకటం. క్రమక్రియలైతే ఆ తోక కోసేసి కొత్తది అతికిస్తే చాలు. కంతే పాడాను, కంతాస్తె పాడావు, కంతామొస్ పాడాం, కంతారొన్ పాడారు. కంతో అంటే మాత్రం పాడాడు, పాడింది, గౌరవంగా ‘మీరు పాడారు’, మూడూను. కొమేర్‌కి కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమ్యేరొన్. బిబీర్ కూడా అచ్చంగా ఇదే దారిలో నడుస్తుంది. ‘నేను’, ‘నువ్వు’ విడిగా చెప్పక్కర్లేదు. ‘తిన్నాను’ అన్నాక నేను అనే మాట మనకు మాత్రం ఎందుకు?

చిక్కంతా ఊనికలో, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్న దాంట్లో ఉంది. కాంతొ అంటే పాడతాను, కంతో అంటే పాడాడు. కాంతె అంటే ‘మీరు పాడండి’, కంతే అంటే పాడాను. రాతలో తేడా చివరి అచ్చు నెత్తిన ఒక చిన్న గీత, అంతే. మన చెవి ఊనికను దీర్ఘంగా వింటుంది కాబట్టి నేనిలా హ్రస్వదీర్ఘాలతో రాస్తున్నాను. స్పానిష్ వాళ్లు ఒప్పుకోరు గానీ, ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉన్న మన లిపికి ఈ పని బాగా కుదిరింది.

ఆ ఊనిక చివరికెందుకు చేరింది? లాటిన్‌లో ‘పాడాను’ కంతావి, ‘పాడాడు’ కంతావిత్. ఊనిక ‘తా’ మీద. జనం నోళ్లలో ఇవి నలిగాయి. మొదటిదాంట్లో వకారం జారిపోయి కంతాఇ అయింది, రెండోదాంట్లో ఇకారం జారిపోయి, వకారం ఉకారమై కంతాఉత్ అయింది. తర్వాత అకార ఇకారాలు కలిసి ఏ, అకార ఉకారాలు కలిసి ఓ అయ్యాయి. దేవ, ఇంద్ర కలిస్తే దేవేంద్ర. సూర్య, ఉదయం కలిస్తే సూర్యోదయం. మాస్టారు బోర్డు మీద రాసిన గుణసంధి ఇదే! స్పెయిన్ సంస్కృతం నుంచి దీన్ని అప్పు తెచ్చుకోలేదు. మనిషి నోటికి అలా కలపటం సులువు, అంతే. ఊనిక మాత్రం తన చోటు వదల్లేదు, దాని వెనకున్నదే అరిగిపోయింది. అందుకే ఇప్పుడు చివర్లో కనిపిస్తోంది.

క్రమక్రియలంటారు గానీ ఇందులోనూ ఎగుడుదిగుళ్లున్నాయి. కంతామొస్ అంటే పాడతాం, పాడాం కూడా. కొమేర్‌కి ఆ తంటా లేదు: కొమేమొస్ తింటాం, కొమీమొస్ తిన్నాం. స్పెయిన్‌లో కొన్ని పల్లెల వాళ్లు కంతే చూసి భూతకాలానికి కంతేమొస్ అని చేసుకున్నారు. పంతుళ్లు తప్పంటారు. నాకైతే అది తెలివనిపిస్తుంది.

ఇంకొకటి. మిగతా కాలాలన్నిటా ‘నువ్వు’ రూపం సకారంతో ముగుస్తుంది. కంతాస్తె ఒక్కదానికే అది లేదు, లాటిన్‌లోనే లేదు కనక. లేని సకారాన్ని తగిలించి కంతాస్తెస్ అనేవాళ్లు స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా ఉన్నారు. బడిలో దానికి ఎర్రసిరా తప్పదు. కానీ 1492లో నెబ్రిహ అనే పండితుడు తొలి కస్తీల్య (అంటే స్పానిష్) వ్యాకరణాన్ని సలమాంకాలో అచ్చు వేయించాడు. ఆ రోజుల్లో కంతాస్తెస్ తప్పు కాదు, ‘మీరంతా పాడారు’ అనటానికి సరైన రూపమే అది. తర్వాత ఆ బహువచనం కంతాస్తెయిస్‌గా మారింది. లాటిన్ అమెరికాలో అదీ వాడరు, కంతారొన్‌తోనే సరిపెట్టుకుంటారు. అలా ఖాళీ అయిన కంతాస్తెస్ ఇంట్లోకే ‘నువ్వు’ అడుగుపెట్టింది.