అరచేతిలో ఆట, అందులో బిళ్ళ



మొన్న వేసవి సెలవులకి నారాయణఖేడ్ పక్కనున్న మనూరులో మా అక్కయ్యగారింటికి వెళ్ళాం. ఎండకి పిల్లలు గడప దాటలేరు కదా! వాళ్ళ గోల పడలేక అక్కయ్య అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. అందులోంచి, బావగారు ఎప్పుడో దుబాయి నుంచి తెచ్చిన చేతి వీడియో గేము బయటపడింది. చీటీపేక కంటే కాస్త పెద్దది, అంతే. కాలుతున్న మేడ మీంచి మనుషులు దూకుతూంటారు. కింద ఇద్దరు గుడ్డ పరిచి పట్టుకుంటారు. మీట నొక్కుతూ వాళ్ళని అటూ ఇటూ నడిపించాలి. మూడుసార్లు జారవిడిస్తే ఆట సరి!

ఇలాంటి ఆటలు మొదట జపానులో నింటెండో కంపెనీ 1980లో తెచ్చింది. రైల్లో ఒకాయన పొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కూర్చోవడం చూసి, గున్‌పే యొకోయి అనే ఇంజనీరుకి ఈ ఆలోచన వచ్చిందంటారు. 1991 వరకు 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయాయట! కాలిక్యులేటరులో అంకెల్లాగే ఇందులో బొమ్మలు ముందే అమర్చి ఉంటాయి. వెలుగుతూ ఆరుతూ ఉంటే కదిలినట్టే కనబడతాయి. కరెంటు బహు కొద్దిగా చాలు. అందుకే చిన్న బిళ్ళ సెల్లులతోనే నెలల తరబడి నడిచేది.

సరే, మేనకోడలు పాత బిళ్ళలు రెండూ తీసి కిటికీలో పెట్టి, కొత్తవి వేసింది. అందరం ఆటలో మునిగిపోయాం. కాసేపటికి చూద్దును కదా, కిటికీలో ఒకటే ఉంది! పక్కనే అక్కయ్య మనవడు, ఏడాదిన్నరవాడు, ఏదో చప్పరిస్తున్నాడు. నా గుండె ఆగినంత పనయింది. నోట్లో వేలు పెట్టి చూస్తే బెల్లం ముక్క! బిళ్ళ చాప కింద దొరికింది.

"అయిపోయిన సెల్లే గద చెల్లె, గంత భయమెందుకు? మింగినా రేపటికి అదే పోతది" అంది అక్కయ్య.

మనలో చాలామంది అనుకునేదీ ఇదే. కానీ కాదమ్మా! ఆట ఆడించే సత్తువ లేని సెల్లులో కూడా గొంతు కాల్చే సత్తువ మిగిలి ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపల పుండు పడొచ్చు. ఇప్పటి రిమోట్లలో, బొమ్మల్లో వచ్చే రూపాయి బిళ్ళంత లిథియం సెల్లు మరీ ప్రమాదం. చొంగ కారడం, దగ్గు, అన్నం వద్దనడం గుర్తులు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు.

మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి, మర్నాటిదాకా చూడకండి. వెంటనే 108కి ఫోను చేసి, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకుపోండి. ముక్కులో, చెవిలో పెట్టుకున్నా అంతే.

బిళ్ళ సెల్లు వేసే మూతకి మర ఉన్న బొమ్మలే కొనండి. తీసిన బిళ్ళకి రెండువైపులా టేపు అంటించి, పిల్లలకి అందని డబ్బాలో పెట్టండి. ఆట పిల్లలకివ్వండి, కావాలంటే మీరూ ఒక చెయ్యి వెయ్యండి. నేనూ ఆడాను లెండి! బిళ్ళని మాత్రం బీరువా తాళంచెవిలా మీ దగ్గరే పెట్టుకోండి.

సెలవు.