రంగు కింద చెక్క



పడవ అంటే ముక్కు మొనదేలి ఉంటుందనుకుంటాం. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల సరస్సుల్లో ఇంకో రకం పడవ ఉంది. దాని పేరు స్కౌ. ముక్కు మొద్దు. అడుగు చదును. తెరచాపతో నడుస్తుంది. ఇందులో 'ఇ' రకం పడవ పొడవు 28 అడుగులు.

పందెంలో ఈ పడవను కొంచెం ఒరగనిస్తారు. అప్పుడు అడుగు నీళ్లకు తక్కువగా తగులుతుంది. పడవ దూసుకుపోతుంది.

మిన్నెసోటాలో వైట్ బేర్ అనే సరస్సు ఉంది. నార్వే నుంచి వలస వచ్చిన జాన్సన్ 1896లో అక్కడ పడవల కార్ఖానా పెట్టాడు. అందులో ఎన్నో స్కౌలు తయారయ్యాయి. తర్వాత చెక్క పోయి ఫైబర్ గ్లాస్ వచ్చింది. అయినా పాత చెక్క పడవలను బాగుచేసి పందేలకు దింపేవాళ్లున్నారు. అమ్మేవాళ్లూ ఉన్నారు.

చెక్క పడవకు శత్రువు ఎవరు? లోపల నిలిచిపోయిన వాన నీరు. అది చెక్కను కుళ్లబెడుతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. అందుకే తెలిసినవాళ్లు పడవను బోర్లిస్తారు. చెక్కను మొనతో పొడిచి చూస్తారు. మెత్తగా దిగిందా, అది పుచ్చే! ఆ బద్దను తీసేస్తారు. కొత్త బద్దను ఆవిరి పట్టించి, వంచి బిగిస్తారు. రంగు ఆ తర్వాతే.

పుచ్చు మీద రంగు పూసి అమ్మితే ఏమవుతుంది? గాలి గట్టిగా వీచిన రోజు నడినీటిలో చెక్క విరుగుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. మంచి బేరగాడు ఏ బద్ద మార్చాడో రాసిస్తాడు. కొనేవాళ్లు ఆ కాగితం అడగాలి. చదవాలి. ఆ పైన అడుగు చూడాలి.

ఎడ్ల బేరమైనా, ఇంటి బేరమైనా ఇదే మాట కదా!