28 రోజులు ఆగాలి

ఒక పాటల ఆల్బమ్ గురించి రెండు మాటలు.

అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ 69వ ఏట, 2011లో, మెటాలికా బృందంతో కలిసి 'లులు' చేశారు. పాడడం తక్కువ, పలకడం ఎక్కువ, వెనక గిటార్ల హోరు. విమర్శకులు చాలామంది తీసిపారేశారు. మెటాలికా అభిమానులు మండిపడ్డారు. రెండేళ్లకే రీడ్ కన్నుమూశారు.

2015లో ఆయన భార్య లారీ ఆండర్సన్ ఒక సభలో డేవిడ్ బోవీ మాట గుర్తుచేశారు: రీడ్ చేసినవాటిలో ఇదే గొప్పదని, జనానికి అందడానికి కాలం పడుతుందని. ఇప్పుడు అభిమానులు మళ్లీ వింటున్నారు. నేనూ విన్నాను. అన్నీ నచ్చలేదు, 19 నిమిషాల చివరి పాట మాత్రం వదల్లేదు.

మేం ఇంజనీర్లం కాంక్రీటు బలాన్ని 28 రోజులు ఆగి తేలుస్తాం. మాలో ఆలస్యంగా గట్టిపడ్డవాళ్ల కోసం ఈ బడి గురువులు ఏళ్లే ఆగారు. వారికి వందనం.