గూటిలో కాఫీ



“గూట్లో దీపం, నోట్లో ముద్ద” యని మన పెద్దలనెడివారు. ప్రొద్దు గ్రుంకి గూటిలో దీపము వెలిగించు వేళకు భోజనము ముగించుట నాటి వాడుక. ఆ దీపము పోయినది, గూడు మిగిలినది. కర్నూలు, కడప ప్రాంతములలో పాతమిద్దె గల యే యింటికేగినను గోడలలో ఇట్టి గూళ్లు రెండో మూడో కానవచ్చును. లోపల చేయి పెట్టి చూచినచో తాళము లేని చెవులు, చెవి లేని తాళములు, ఒంటికాలి కండ్లజోడు, గడచిపోయిన యేండ్ల పంచాంగములు. అట్టి గూటి నొకదానిని ఇంటిలో కాఫీ కలుపుకొను చోటుగా మార్చుకొనుటను గూర్చి నేడు ప్రసంగించుచున్నాను. విషయము చిన్నదే. అయినను ప్రొద్దుటూరికి సమీపముననున్న మా యింటిలో ఈ చిన్న మార్పువలన ఒకరి కష్టము తగ్గినది గనుక చెప్పదగియున్నదని తలంచితిని.

మొదట గోడ సంగతి. మా సీమ మిద్దెగోడను రాతితోను మట్టితోను రెండడుగుల మందమున, ఒక్కొక్కచోట నంతకు మించియు కట్టెడివారు. దానిపై దూలములు, దూలములపై దంతెలు, వానిమీద బండలు పఱచి, ఆపైన చవుటిమట్టి పోసి త్రొక్కెడివారు. ఆ బరువునంతయు గోడయే మోయవలెను. వేసవిలో 40 డిగ్రీలు మించిన ఎండనుగూడ గోడయే ఆపవలెను. అంత మందము గల గోడలో అడుగు లోతున గూడు విడుచుట బేల్దారికి కష్టము కాదు. బీరువాలు లేని దినములలో గూడే బీరువా, గూడే దీపపుసెమ్మె, నావంటి పిల్లవానికి గూడే పుస్తకశాల. బాలవ్యాకరణము నేను మొదట చేతబట్టినది మా పడసాలలోని గూటినుండియే.

ఆ గూడు రెండడుగుల వెడల్పు, రెండున్నర యడుగుల ఎత్తు, అడుగుం బావు లోతు గలది. మా వంటయిల్లు పెరటి వైపున నున్నది. పడసాలనుండి అచ్చటికి నడవ దాటి, రెండు మెట్లు దిగి, మరల ఎక్కి రావలెను. నా గృహిణికి మోకాళ్ల నొప్పులు. మెట్లు తగ్గింపవలెనని వైద్యుడు చెప్పెను. మెట్లు తగ్గించుట యెట్లు? తెల్లవారగట్ల ఒక కాఫీ, పత్రిక వచ్చినప్పుడొక కాఫీ, ఎవరో వచ్చిరని ఒకటి, వచ్చినవారు లేచుచు మరల కూర్చుండిరని ఇంకొకటి. లెక్కవేయగా వంటపని గాక కాఫీ కొఱకే ఆమె దినమునకు ఇరువది మెట్లు ఎక్కి దిగుచున్నది. అందఱికి నందించి తన గ్లాసు పట్టుకొనునప్పటికి అది చల్లారియుండెడిది. ఒకనాడామె గూటివైపు చూచి, “ఆ పంచాంగాలేమైనా కాఫీ తాగుతాయా? వాటిని పెట్టెలో పడుకోబెట్టి ఆ చోటు నాకియ్యండి” అనెను. నలువది యేండ్లు పాఠములు చెప్పిన నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

కుమారుడు సెలవులకు వచ్చి, గూటిని నాలుగడుగులకు పెంచుదమనెను. నగరమున అట్లు చేయుదురట. బేల్దారి వచ్చి, గూటి నెత్తిన నున్న బండను సుత్తితో మెల్లగా తట్టి, తరువాత పైకి చూపెను. సరిగా ఆ బండకు ఎగువనే దూలపుకొన గోడలో నాటియున్నది. “ఈ పక్కరాయి కదిపితే దూలం అడుగుతుంది నాయనా, నేను చెప్పలేను” అనెను. మట్టితో కట్టిన రాతిగోడలో ఒక రాయిని పెఱికినచో దానితో మఱి నాలుగు రాళ్లు వదులగును. కావున శ్రోతలలో నెవరైన ఈ పని తలపెట్టినచో, ఉన్న గూటిని ఉన్నంతలోనే వాడుకొనుడు. చోటు చాలనిచో లోపల చెక్కరాదు. అడుగుబండను నాలుగంగుళములు ముందునకు వచ్చునట్లు వేయించుకొనుడు. మేమట్లే చేసితిమి.

బండకు మనము దూరము పోనక్కరలేదు. బేతంచెర్ల బండ తెల్లవన్నెది గలదు, మా కడపబండ నల్లనిది గలదు. మేము నల్లదానిని నునుపు చేయించి వేయించితిమి. నడుమ నొక అరయు బండదే. చెక్క అర అందముగనే యుండును గాని, మట్టిగోడ నానుకొన్న చెక్కను చెదలు విడువవు. అడుగుబండ వెలుపలి వైపునకు ఇంచుక వాలుగా నుండవలెను. బండయు గోడయు కలియు సందులను సున్నముతోనో సిమెంటుతోనో గట్టిగా మూయవలెను. చిందిన నీరు ముందునకు జారినచో గుడ్డతో తుడువవచ్చును. వెనుకకు జారి మట్టిలో దిగినచో గోడ లోలోపల మెత్తబడును. ఈ కారణముననే గూటిలో కుళాయి వలదంటిని. ఒక కూజాలో నీరు చాలును. ఎంగిలి గ్లాసులు జాలాడికే పోవును.

ఇక విద్యుత్తు. నీరు కాచు కెటిలు 1500 వాట్లదైనచో, 230 వోల్టుల యొద్ద అది ఆఱున్నర ఆంపియర్లు తీసికొనును. దీపములకై పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్టు దానికి తగదు. 16 ఆంపియర్లది, ఎర్తుతీగ గలది, ప్రత్యేకముగా పెట్టించవలెను. అదియు కెటిలు నెత్తిన గాక ప్రక్కన, ఆవిరి తగులని చోట నుండవలెను. పాతయిండ్లలో తీగలు ఎప్పటివో ఎవరికిని తెలియదు. పని తెలిసినవానిచేత చూపింపక సాకెట్టు మార్పరాదు. కెటిలు మరగునప్పుడు దానిని ముందునకు జరిపినచో ఆవిరి గూటికప్పునకు కొట్టుకొనక వెలికి పోవును. ముందునకు వచ్చిన ఆ నాలుగంగుళముల బండ ఇక్కడ పనికివచ్చినది.

మా నీటి సంగతి చెప్పకున్న ఈ ప్రసంగము సగమే యగును. ఎఱ్ఱగుంట్ల చుట్టును సిమెంటు కర్మాగారములు వెలసినది భూమిలోని సున్నపురాతి వలననే గదా! ఆ రాతి పొరలలో నిలిచిన బోరునీటిలో సున్నము కరగియుండును. కాచినప్పుడది విడివడి కెటిలు అడుగున తెల్లని పొరగా పేరును. దానిని పోగొట్టుటకు నిమ్మరసము కలిపిన నీటిని మరగించి, కొంతసేపుంచి పాఱబోసిన చాలును. కాని ఆ పని గూటిలో చేయరాదు. కడపబండయు సున్నపురాయియే. కెటిలులోని సున్నమును తిను పులుసు బండలోని సున్నమును మాత్రము విడుచునా? ఒక్క నిమ్మచుక్క పడి నిలిచినచో నునుపు పోయి తెల్లమచ్చ యేర్పడును. తడిగుడ్డతో అది పోదు, మరల సానపట్టింపవలసినదే. పులుసుతో చేయు శుద్ధి యంతయు జాలాడియొద్దనే.

కాఫీచెట్టు మా సీమలో పెరుగదు. బాబా బుడన్ అను ఫకీరు అరబ్బుదేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగుళూరు కొండలలో నాటెనని చెప్పుకొందురు. మన రాష్ట్రమున విశాఖ మన్యపు గిరిజనులు చెట్లనీడను పెంచు అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేము ఆ పొడియే తెప్పింతుము. చికోరీ కలిపిన పొడిలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని నియమము; పాళ్లు పొట్లముపై వ్రాసియుండును, చదివి కొనుడు. ఒక్కసారి ఎక్కువ కొనవలదు. వారమునకు సరిపడు పొడిని బిగుతుమూత డబ్బాలో నుంచినచో వాసన నిలుచును. ఫిల్టరులో పొడి వేసి, బిళ్లతో మెల్లగా అదిమి, మరగి దించిన నీటిని పోసి, పావుగంట ఓర్చుకొనవలెను. గట్టిగా నొత్తినచో డికాక్షను దిగదు. తొందరపడి మూత తట్టినచో మడ్డి దిగును. కెటిలులో పాలు కాచరాదు, అడుగంటును, పొంగును. ఉదయమున పాలు వంటయింటనే కాగి, వేడిగా ఫ్లాస్కులోనికి వచ్చును. గంట, రెండుగంటలలో వానిని ముగింతుము. సాయంకాలపు పాలు సాయంకాలమే కాగవలెను. ఆ ఫ్లాస్కు మోయుపని నాది. చక్కెరగిన్నెను నీరు పోసిన పళ్లెరములో నిలిపితిమి; చీమలు ఒడ్డుననే ఆగిపోవుచున్నవి.

ఇంతయు జరిగిన పిమ్మట మా బావగారు వచ్చి, “దీపము పెట్టిన గూటిలో కాఫీ యేమిటి బావా, ఇల్లు హోటలా?” అని గద్దించిరి. ఆయన మాటను నేను తేలికగా తీసికొనలేదు. దేవుని గూటిని తాకుటకు నేనును సమ్మతింపను. గడపయొద్ద దీపపుగూడు మా యింట వేఱుగ నున్నది. కార్తికమాసమున నేటికిని అందు దీపము వెలుగుచున్నది. పడసాలగూడు మా తాతగారి నాడే దీపమునకును, పుస్తకములకును, నస్యపుడబ్బాకును ఉమ్మడి. నస్యమునకు లేని దోషము కాఫీకేల యనగా బావగారు నవ్విరి. డికాక్షను కొంచెము చిక్కగా నుండవలెననిరి.

ఇప్పుడు తెల్లవారగట్ల మొదట లేచినవారే కెటిలు మీట నొక్కుదురు. అది తఱచు నేనే. ఆమె పడసాలలో కుర్చీపై కూర్చుండి వేడి కాఫీ త్రాగుచు, చక్కెర తగ్గినదనియో పొడి యెక్కువైనదనియో చెప్పును. ఆ తప్పులు పట్టుటలో ఆమెకు మిక్కిలి ఉత్సాహము. వంటయింటి మెట్లు ఇంకను ఉన్నవి, నొప్పియు నున్నది. ఉదయమున రెండుమార్లు మాత్రమే దిగుచున్నది.

గూటికి తలుపు పెట్టింపవలెనా యని కొందఱు అడిగిరి. వలదు. తలుపు మూసినచో తడి ఆఱదు, గోడకు చేటు. మేము ఒక పాత ధర్మవరపు పంచె అంచును కత్తిరించి తెరగా వ్రేలాడదీసితిమి. కెటిలు వాడునప్పుడు దానిని ప్రక్కకు కట్టివేయుదుము.