గుట్టు గాచిన గల్లీ



ఈ సభామందిరమునుండి చార్మినారును దాటి, మదీనా కూడలి మీదుగా నయాపూల్ వంతెన నెక్కి మూసీ యావలి యొడ్డున దిగినచో అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖాన కానవచ్చును. ఆ ప్రాంగణములో ఒక వృద్ధమైన చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తినప్పుడు ఆ చెట్టుకొమ్మల నాశ్రయించి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఆ రాత్రి తన ప్రక్క కొమ్మను బట్టుకొన్నవాని మత మేమో, కుల మేమో, పూర్వవర్తన మెట్టిదో విచారించుట కెవ్వరికిని తీరిక లేకపోయినది. నేడు ఆ ప్రాంగణమునకే హెచ్.ఐ.వి. నణచు ఎ.ఆర్.టి. మందులకై వచ్చు స్త్రీపురుషులు ముఖమునకు దుపట్టాయో దస్తీయో కప్పుకొని, తమ గల్లీవా రెవ్వరైన నగపడుదురేమోనని దిక్కులు చూచుచు, గోడవార నొదిగి నడచుచున్నారు. వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే నేనీ సభలో నిలిచితిని.

మన దేశమున హెచ్.ఐ.వి. మొదట కనుగొనబడినది 1986లో, మద్రాసు నగరమున, డాక్టరు సునీతి సోలోమన్ గారి పరిశ్రమ వలన. పిమ్మట చిరకాలము ఆ పేరు వినుటతోడనే మరణమును దలచుట పరిపాటి యయ్యెను. మందు లేకపోలేదు; అది కొనగలవారు లేకపోయిరి. 2001లో సిప్లా సంస్థ యొక రోగికి సంవత్సరమునకు 350 డాలర్లకే మూడు మందుల నొసంగెదమని ముందుకు వచ్చుటతో ఆ ధరల దుర్గము బీటలు వారినది. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఉమ్మడి ఆంధ్రప్రదేశముతో గూడ వ్యాధి హెచ్చుగానున్న రాష్ట్రములలో ఈ చికిత్సను ఉచితముగా నారంభించినది. 2017లో, మన నగరము కేంద్రముగా బనిచేయు అరబిందో, మైలాన్ లాబొరేటరీస్ సంస్థలు దినమునకొక్క మాత్రగా వేసికొనదగిన నూతన సమ్మేళనమును పేదదేశములకు సంవత్సరమునకు సుమారు 75 డాలర్లకే సమకూర్చుట కంగీకరించెను. ఏ మాత్రకై ఆఫ్రికా ఖండమున లక్షలాది తల్లు లెదురు చూచిరో, ఆ మాత్ర మన నగరపు సంస్థలనుండి వెడలినదని మనలో నెందఱికి దెలియును? ఆ సంవత్సరమే, పరీక్షలో వ్యాధి తేలినవారి కెల్లరకు, రక్తములోని సి.డి.4 కణముల లెక్కతో నిమిత్తము లేకుండ, వెంటనే మందు లారంభింపవలెనని మన ప్రభుత్వము నిర్ణయించినది. క్రమము తప్పక మాత్ర వేసికొని, రక్తములో వైరస్ పరీక్షకందనంతగా నణగినవారినుండి దాంపత్యమువలన వ్యాధి యితరులకు సోకదని వైద్యశాస్త్రము నిస్సంశయముగా దేల్చినది. తల్లి గర్భవతిగా నున్నప్పుడే చికిత్స నందుకొన్నచో, బిడ్డ కది సోకకుండ కాపాడుట మిక్కిలి సాధ్యమైనది.

మందున్నది, ఉచితముగా నున్నది, ఊరిలోనే యున్నది. ఇంక కొఱత యేమి? నే నెఱిగిన యొక యిల్లాలి సంగతి చెప్పెదను. గాజుల పని చేసికొని బ్రదుకు నామె మాత్రల సీసామీది కాగితమును నీటితో నానబెట్టి యొలిచివేసెడిది. లోపల మాత్రలు గలగలలాడి అత్తగారు వినకుండుటకై దూదిని గ్రుక్కెడిది. ఆ సీసాను బియ్యపు డబ్బాలో నడుగున దాచెడిది. ఒకనాడు అత్తగారు బియ్యము తానే తీయుటకు బూనగా, సీసా పట్టుబడునను భయముతో దాని నావల బారవైచి, పండ్రెండు దినములు మందు లేక గడపినది. ఆమెను రక్షించినది వైద్యుడు కాదు, ఎదురింటి ఖాలా. చదువెఱుగని ఆ ముదుసలి విషయమంతయు గ్రహించియు నొక్క ప్రశ్నయు వేయక, "నీ దవా నా అల్మరాలో పెట్టుకో, బేటీ, రాత్రి నీళ్లకని వచ్చి వేసుకొనిపో" అన్నది. రంజాన్ మాసమున ఆ మాత్రను ఇఫ్తార్ తరువాత వేసికొనవచ్చునని దవాఖానలో కనుగొని వచ్చినదియు నామెయే. ఆ యిల్లాలు నేటికిని ఆరోగ్యముతో నున్నది. సమాజాశ్రితమైన సేవ యని పెద్ద మాటలలో మనము చెప్పునది నా కంటికి ఆ అల్మరాయే.

పాతబస్తీ గల్లీల స్వభావము మీకు దెలియనిది కాదు. ఒక యింట తాలింపు వేసిన నాలుగిండ్లకు వాసన వచ్చును. ఒక యింట దగ్గు వినబడిన మఱునాడు పలుకరించువారు పదిమంది. ఈ సామీప్యమే రోగికి శాపము, ఈ సామీప్యమే వరము. గల్లీకి గుట్టు దాచుట వచ్చినచో అంతకు మించిన దవాఖాన లేదు. రానిచో అంతకు మించిన చెఱసాల లేదు.

ఆ సామీప్యము చెదరిన నేమగునో దానికి ఈ నేలమీదనే నిదర్శనమున్నది. మెహబూబ్ కీ మెహందీ యను వేశ్యావాడను 1996లో ఖాళీ చేయించినప్పుడు, అందలి స్త్రీలు నిలువ నీడ లేక చెదరిపోయిరి. చెదరినవారికి మందును జేర్చుట, ఒక్కచోట నున్నవారికి జేర్చుటకంటె పదిరెట్లు కష్టమని ఈ పనిలో నున్నవారెల్ల నెఱుగుదురు. ఆ వాడలోనే, విడిచిపోయిన యొక గృహమందు, సునీతా కృష్ణన్ గారును బ్రదర్ జోస్ వెట్టికటిల్ గారును ఆ స్త్రీల బిడ్డలకై బడి పెట్టిరి. ప్రజ్వల సంస్థ అట్లు పుట్టినది. బడిలో మొదలైన ఆ పని కాలక్రమమున హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలకును పిల్లలకును ఆశ్రయ మిచ్చుట దాక విస్తరించినది.

అట్లే 2021లో నారాయణగూడలో ట్రాన్స్‌జెండరు సోదరీసోదరులే నడపుకొను మిత్ర్ క్లినిక్ వెలసినది. తమవంటివారే యెదుట గూర్చుండి మాటాడిన చోట, దవాఖాన గడప ద్రొక్కుటకు జంకువారు సైతము నిర్భయముగా బరీక్షకు వచ్చిరి. 2025 ఆరంభమున అమెరికా ప్రభుత్వ ద్రవ్యము నిలిచిపోగా దాని తలుపులు మూతపడినవి. తరువాత టాటా ట్రస్టుల చేయూతతో సబ్‌రంగ్ అను పేర మరల దెఱువబడినవి. దూరదేశపు నిర్ణయ మొక్కటి మన నగరమున నొక రోగి మార్గమును మూయగలిగినప్పుడు, మన వాడ చందాతో నిలుచు సహాయ మెంత యల్పమైనను దాని విలువ యల్పము కాదు. అంతకు మునుపే, 2022లో, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను ఇరువురు ట్రాన్స్‌జెండరు వైద్యులు ఉస్మానియాలోనే వైద్యాధికారులుగా జేరిరి. దీనిని నేను మన నగరమునకు గర్వకారణముగా నెంచుచున్నాను.

చట్టమును గూర్చి యొక్క మాట. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము సమ్మతి లేక పరీక్ష చేయరాదు, సమ్మతి లేక ఆ సంగతి నొకరికి జెప్పరాదు, ఉద్యోగమునుండి గాని బడినుండి గాని అద్దె యింటినుండి గాని యీ కారణమున వెడలగొట్టరాదు. నన్ను మిక్కిలి కదలించినది మఱియొక నిబంధన: పండ్రెండేండ్లు నిండి, పదునెనిమిది నిండని అన్నయో అక్కయో తన కుటుంబభారమును మోయుటకు దగిన పరిణతి గలవారైనచో, తమ్మునికిని చెల్లెలికిని సంరక్షకులుగా చట్ట మంగీకరించుచున్నది. తల్లిదండ్రులు లేని యింట తమ్ముని బడిలో జేర్చుటకు సంతకము చేయు పదునాలుగేండ్ల బాలికను తలచికొనుడు. చట్ట మామె చేతి కధికార మిచ్చినది. ఆమె కన్నము పెట్టుట మాత్రము చట్టమువలన గాదు, ఇరుగుపొరుగువలననే కావలెను.

కావున మిమ్ము నేను ధనము యాచింపను. మీ గల్లీలో నెవరైన స్త్రీ నెలకొకమాఱు తెల్లవాఱకముందే బిడ్డను చంక నెత్తుకొని నయాపూల్ వైపు పోవుట మీ కంటబడినచో, ఎక్కడికని యడుగకుడు. ఆ పూటకు బిడ్డను మీ యింట నుంచుకొనుడు.