రానున్న పండుగలు, మన రంగస్థలము



పంటలు ఇండ్లకు చేరిన పిదప మన పల్నాటిసీమలో కళల కాలము మొదలగును. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజస్వామి ఆరాధన. 1847లో ఆయన సిద్ధినొందిన తిథి యది. మాఘ బహుళ చతుర్దశికి కోటప్పకొండ తిరునాళ్ళు, చైత్రమున శ్రీరామనవమి పందిళ్ళు. ఊరెల్ల కదలును, సంతోషమే. అచట మనము చూచుచున్నదేమి?

ప్రభలయెదుట తెల్లవార్లు పద్యనాటకములు, హరికథలు సాగిన రాత్రులను పెద్దలింకను తలచుకొనుచున్నారు. ఇప్పుడు పలుచోట్ల రికార్డింగు డాన్సులే మెండు. యువకులను నిందించి ఫలములేదు. రాయబారపు పద్యమున కర్థము తెలియనివానికి రాగముతప్ప మిగులునదేమి? ఆ రాగమునకే 'వన్సుమోర్' అని కేకలువేసి కృష్ణవేషధారి గొంతు ఎండగట్టుటయు మనకలవాటే!

కావున నొక విన్నపము. తిరుపతి వేంకటకవుల 'పాండవోద్యోగ విజయములు' మన బీరువాలో నున్నవి. ఆరాధననుండి శివరాత్రికి సుమారు 40 దినములు. ఆ సాయంకాలములందు చదువువచ్చినవారు చదువుదురు, తక్కినవారు విందురు, తెలిసినవారు అర్థము చెప్పుదురు. తిరునాళ్ళకు పోవునాటికి పద్యము మనదై యుండును.

నవమికి హరికథ పెట్టింతము. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తీర్చిదిద్దిన విద్య యది. కథకునికిని, ప్రక్కవాద్యములవారికిని ఈయవలసిన సొమ్ము ముందే నిర్ణయించి ఆ రాత్రియే చేతబెట్టవలెను. మైకుసెట్టునకు, దీపములకు రొక్కమిచ్చి, కథకుని మాత్రము రేపు రమ్మనుట చాల ఊళ్ళలో నున్నదే.

చందాపుస్తకము బల్లమీద నున్నది. ఆరాధననాటి సాయంకాలమే మొదటి పఠనము. దీపములు పెట్టువేళకు దయచేయుడు.